మెషీన్ చదవలేని 786

గిద్దలూరు నుంచి కొమరోలు వచ్చే రోడ్డు మీద కాసేపు నిలబడితే చాలు, ఏదో ఒక లారీ ముందు అద్దం మీద 786 కనబడుతుంది. మన షాదీ రుఖాల పైన, దుకాణం బోర్డుల మీద కూడా అదే అంకె. దాన్ని ఫోన్లో ఫోటో తీసి, బొమ్మలోని రాతను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వండి. దాన్ని ఓసీఆర్ అంటారు. ఏడు, ఎనిమిది, ఆరు అని అది తప్పు లేకుండా చదువుతుంది. మన ఇంట్లో ఐదేళ్ల బచ్చా మాత్రం దాన్ని చూసి ‘బిస్మిల్లా’ అంటాడు.

ఇద్దరూ సరిగ్గానే చదివారు. ఒకరికి అంకె కనబడింది, ఒకరికి పైగామ్ కనబడింది. రహస్య రాతల తారీఖ్ అంతా ఈ తేడాలోనే ఉంది.

786 వెనక ఉన్నది అబ్జద్ హిసాబ్. అలిఫ్‌కి 1, బేకి 2, జీమ్‌కి 3, దాల్‌కి 4. ఈ నాలుగు హరూఫ్ కలిస్తేనే ‘అబ్జద్’ అనే పేరు వచ్చింది. అలా పోతూ పోతూ చివరి హర్ఫ్ గైన్‌కి 1000. ‘బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్’లో హరూఫ్ అన్నిటి విలువలు కూడితే 786. అల్లా పేరున్న కాగజ్ ఎవరి కాళ్ల కింద పడుతుందో అనే అదబ్‌తో మన బుజుర్గులు అంకె వేశారు. అలా వేయడం సరికాదనే ఉలమా కూడా ఉన్నారు. ఆ బహస్ అలా ఉంచి, హిసాబ్ మటుకు చూద్దాం. 786 పక్కన కొందరు 92 కూడా వేస్తారు. మీమ్ 40, హే 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4. ముహమ్మద్ (స) పేరు అది.

దక్కన్‌లో ఈ ఆటను రాజులే ఆడారు. ‘యా హాఫిజ్’ అనే రెండు లఫ్జ్‌లు తీసుకోండి. ‘యా’లో యే 10, అలిఫ్ 1. ‘హాఫిజ్’లో హే 8, అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. మొత్తం సరిగ్గా 1000. హిజ్రీ 1000 అంటే 1591-92, చార్మినార్ కట్టిన సంవత్సరం. హైదరాబాద్‌కి ఉన్న ఇంకో పేరు ‘ఫర్ఖుందా బునియాద్’. శుభమైన పునాది అని మానీ. దాన్ని కూడండి, 1006 వస్తుంది. పేరులోనే సన్ దాగి ఉంది. మసీదుల కత్బాల మీద, ఖబర్ల రాళ్ల మీద ఇలాంటి ‘మాద్దా-ఎ-తారీఖ్’లు చాలా ఉన్నాయి. షేర్ చదివి వాహ్వా అనుకుని వెళ్లిపోయేవాడికి షేరే మిగులుతుంది, కూడేవాడికి సంవత్సరం కూడా దొరుకుతుంది.

ఇది మన ఒక్కరి సొత్తేమీ కాదు. నేను తెలుగు డిగ్రీ చదివేటప్పుడు కటపయాది సంఖ్య గురించి విని, అరే, ఇది మన అబ్జద్‌కి చెల్లెలే కదా అనుకున్నాను. ‘మేచకల్యాణి’ రాగంలో మ అంటే 5, చ అంటే 6. తిరగేస్తే 65. మేళకర్త రాగాల్లో అది 65వది. ‘ధీరశంకరాభరణం’లో ధ 9, ర 2. తిరగేస్తే 29. గాయకుడు రాగం పేరు పలికితే నంబర్ కూడా చెప్పినట్టే.

ఉర్దూ లిపిలో దాచడానికి ఇంకో జాగా నుక్తా. చుక్క పైన పెడితే ‘ఖుదా’, అదే చుక్క కింద పెడితే ‘జుదా’. చుక్క లేకపోతే ‘మహ్రమ్’, ఉంటే ‘ముజ్రిమ్’. షికస్తా రాసే మున్షీలు తొందరలో చుక్కలు ఎగరగొట్టేవాళ్లు. మతలబ్ తెలిసినవాడికి అది ఖత్, తెలియనివాడికి వంకర గీతలు. అక్బర్ దర్బార్‌లోని ఫైజీ అయితే చుక్క ఉన్న హర్ఫ్ ఒక్కటి కూడా వాడకుండా అరబ్బీలో మొత్తం ఖురాన్‌కి తఫ్సీర్ రాశాడు. దాని పేరు ‘సవాతి ఉల్ ఇల్హామ్’.

దాచేవాడు ఉంటే వెతికేవాడూ ఉంటాడు. తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో అల్ కిందీ రహస్య రాతలు విప్పడం మీద ఒక రిసాలా రాశాడు. ఏ భాషలోనైనా కొన్ని హరూఫ్ ఎక్కువ వస్తాయి, కొన్ని తక్కువ. రహస్య కాగజ్‌లో ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే తాళం ఊడుతుందని చెప్పాడు. ఈనాటి ఓసీఆర్ కూడా ఏదైనా అక్షరం దగ్గర షక్ వస్తే దాదాపు ఇదే పని చేస్తుంది. ఈ భాషలో ఇక్కడ ఏ అక్షరం రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్క చూసుకుంటుంది.

తెలుగు అక్షరాలు మెషీన్‌కి నేర్పే పని కొత్తది కాదు. అచ్చు తెలుగును గుర్తించడం మీద రాజశేఖరన్, బి.ఎల్. దీక్షితులు 1977లోనే పరిశోధనా వ్యాసం ప్రచురించారు. 2001లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్లు తెలుగు ఓసీఆర్‌ను లోకం ముందు పెట్టారు. వత్తులు, గుణింతాలు, ఒకదాన్నొకటి పోలిన ప, వ, మ, ష దానికి పెద్ద పరీక్ష. నస్తాలీఖ్ ఇంకా ముష్కిల్. హరూఫ్ ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి ఏటవాలుగా దిగుతాయి, చోటును బట్టి రూపం మార్చుకుంటాయి.

మెషీన్‌కి ఉన్న ఈ కమ్‌జోరీతోనే కొత్త ఆటలు పుట్టాయి. ఒక పేరా ప్రింట్ తీసి, అందులో ఎంచుకున్న అక్షరాల మీద సన్నటి తెల్లగీత గీయండి. మనిషి మతలబ్‌ను బట్టి సాఫీగా చదివేస్తాడు. మెషీన్ ఆ అక్షరాల దగ్గరే తడబడుతుంది. అది తప్పు చదివిన అక్షరాలను వరసగా ఏరితే మీ పైగామ్. ఉల్టా ఆట కూడా ఉంది. తెల్లకాగితం మీద మరీ లేత రంగులో రాస్తే మన కన్ను దాటిపోతుంది. బొమ్మను నలుపు తెలుపుగా మార్చుకునే సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి దాన్ని పట్టేస్తుంది. పిల్లలతో చేసి చూడండి, మజా వస్తుంది.

పెద్దవాళ్లూ ఆడారు. సాంగ్ మున్ అనే కొరియా డిజైనర్ అమెరికా నిఘా సంస్థలో పనిచేసి వచ్చాక, మనుషులు చదవగలిగేలా, మెషీన్లు తికమకపడేలా జెడ్ఎక్స్ఎక్స్ అనే ఫాంట్ చేశాడు. ఇక 2007లో వచ్చిన రీక్యాప్చా సంగతి మనందరికీ అనుభవమే. ‘నేను మనిషిని’ అని సాబిత్ చేసుకోవడానికి వంకర అక్షరాలు టైప్ చేసేవాళ్లం కదా. వాటిలో చాలా లఫ్జ్‌లు పాత పత్రికల స్కాన్లలో ఓసీఆర్ చదవలేక వదిలేసినవి. మనకు తెలియకుండానే మెషీన్‌కి కాతిబ్‌లుగా పనిచేశాం.

ఇప్పుడు మన ఇళ్లలోకి రండి. కంభం, మార్కాపురం, గిద్దలూరు వైపు 1800లో నిజాం కుంఫిణీకి అప్పగించిన ఇలాఖాలోది. అంతకుముందు పెద్ద దఫ్తర్ల జబాన్ ఫార్సీ. ఆ ఛాయ ఇంకా పోలేదు. అడంగల్‌లో ఇప్పటికీ ఫసలీ సంవత్సరమే. 2024 జూలైలో మొదలైంది ఫసలీ 1434. 590 కలపాలని తెలియనివాడికి అది ఆరు వందల ఏళ్ల నాటి కాగజ్‌లా కనబడుతుంది. సందూక్ అడుగున దాదా రాసిన ఉర్దూ ఖత్‌లు, నికాహ్‌నామాలు, అప్పు రసీదులు ఉంటాయి. రాసినప్పుడు వాటిలో రాజ్ ఏమీ లేదు. పోస్ట్‌మ్యాన్ కూడా చదవగలిగిన మామూలు రాత. పిల్లలు తెలుగు, ఇంగ్లిష్ మీడియాలకు వెళ్లాక, ఎవరూ దాచకుండానే అవి రహస్య లిపి అయిపోయాయి. అల్ కిందీ తాళం కూడా ఇక్కడ పనిచేయదు. అది భాష వచ్చినవాడికే పనికొస్తుంది.

ఫోన్ సాయం తీసుకోవద్దని నేను అనను. ఫోటోలు తీసి భద్రం చేయండి, ఓసీఆర్‌తో చదివించండి, వచ్చినంత వస్తుంది. కానీ ‘బడే భాయ్’ అని రాసింది ఎవరిని, ‘ఆ విషయం’ అంటే ఏ విషయం, ఒక పేరు దగ్గర చుక్క ఎందుకు వదిలేశారు అనేది ఏ సాఫ్ట్‌వేర్‌కీ తెలియదు. ఇంట్లో ఉర్దూ వచ్చిన దాదీయో నానీయో ఉంటే ఈ వారమే ఆ సందూక్ తీసి ఆమె పక్కన కూర్చోండి. ఫోన్‌ను కూడా ఆన్ చేసి పెట్టండి, ఆమె గొంతు రికార్డ్ చేయడానికి. మెషీన్ వచ్చే ఏడాది ఇంకా బాగా చదువుతుంది. దాదీ వచ్చే ఏడాదికి ఉంటుందో లేదో అల్లాకే తెలుసు.