ఉన్నిజిడ్డు మందైన కథ

గొఱ్ఱె ఉన్నిని తాకినచో వ్రేళ్లకు జిడ్డంటును. చర్మగ్రంథులు స్రవించు ఈ జిడ్డే గొఱ్ఱెను వాననుండి కాపాడును. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకు వైద్యుడు డయాస్కోరిడిస్, ఉన్నిని వేడినీట కడిగి ఈ జిడ్డును తీసి పుండ్లకు పూయు విధమును వ్రాసెను. కాని అది దుర్వాసన గలది.

1882లో జర్మనీలో బ్రౌన్, లీబ్రైష్ అను శాస్త్రజ్ఞులు దానిని శుద్ధిచేయు పద్ధతిని కనుగొనిరి. అదే లానోలిన్. లాటినులో 'లానా' యనగా ఉన్ని, 'ఓలియం' అనగా నూనె. పేరున నూనె యున్నను, రసాయనికముగా నిది ఒక మైనము. తన బరువునకు రెండింతల నీటిని ఇముడ్చుకొనగలదు. 1911లో హాంబర్గులో వెలువడిన నివియా క్రీమునకు ఆధారమైన యూసెరిట్ కూడ ఉన్నిజిడ్డునుండి తీసినదే.

ఎగ్జిమాలో చర్మపు పైపొర బలహీనపడి, లోని తేమ ఆవిరియగును; చర్మమెండి, పగిలి, దురదపెట్టును. లానోలిన్ పూత తేమను నిలిపి బాధను తగ్గించును. వ్యాధిమూలమును మాత్రము తొలగింపదు. అంతేకాదు, ఎగ్జిమా రోగులలోనే కొందరికిది పడక దద్దురు హెచ్చును. అమెరికాలోని చర్మవైద్యుల సంఘమొకటి 2023లో దీనిని ఆ యేటి ముఖ్య అలెర్జీకారకముగా పేర్కొనెను.

కావున ప్రకృతిసిద్ధమైనదంతయు నిరపాయమని తలపరాదు. వైద్యుని సలహా పొంది, ముందు కొద్దిచోట పూసి చూచిన పిమ్మటనే వాడవలెను.