డిలీట్ చేసిన ఫైళ్లు: శాశ్వత తొలగింపు

కంప్యూటర్‌లో ఫైలును డిలీట్ చేస్తే సాధారణంగా పోయేది దాని ఆచూకీ మాత్రమే. అందులోని సమాచారం దాని మీద మరొకటి రాసేదాకా డిస్కులోనే ఉంటుంది.

విండోస్‌లో డిలీట్ నొక్కగానే ఫైలు రీసైకిల్ బిన్‌లోకి చేరుతుంది. బిన్‌ను ఖాళీ చేస్తే ఆ చోటు ఖాళీగా ఉందని ఆపరేటింగ్ సిస్టమ్ నమోదు చేసుకుంటుంది, అంతే. పెద్ద సినిమా కూడా క్షణంలో డిలీట్ అవుతుందంటే కారణం ఇదే. డిస్కులో ఫైళ్ల వివరాలను నమోదు చేసే ఫ్యాట్ (FAT) పద్ధతిలో ఫైలు పేరులోని మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పడుతుంది. అందుకే 1991 నాటి ఎంఎస్-డాస్ 5.0లోని అన్‌డిలీట్ ఆదేశం, ఫైలును వెనక్కి తెచ్చేముందు ఆ మొదటి అక్షరమేమిటో చెప్పమని అడిగేది. పేరూ వివరాలూ పూర్తిగా పోయినా ఫోటోరెక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్కంతా గాలించి, జేపెగ్ ఫైళ్ల మొదట్లో ఉండే బైట్లను ఆనవాలుగా పట్టుకుని ఫొటోలను బయటకు తీస్తుంది. పొరపాటున ఫైలు పోగొట్టుకున్నవారు వెంటనే ఆ డిస్కు వాడకం ఆపాలి. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను కూడా అందులో ఇన్‌స్టాల్ చేయకూడదు.

డిలీట్ చేసినా సమాచారం మిగిలిపోయే ఈ గుణమే పాత డిస్కులు అమ్మేవారికి ముప్పు. ఎంఐటీ పరిశోధకులు గార్ఫింకెల్, షెలాట్ 158 సెకండ్‌హ్యాండ్ హార్డ్‌డిస్కులు కొని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. పనిచేసిన 129 డిస్కుల్లో సరిగా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో వైద్య సమాచారం, వేలాది క్రెడిట్ కార్డు నంబర్లు బయటపడ్డాయి. సమాచారాన్ని తుడవని క్విక్ ఫార్మాట్‌ను నమ్ముకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

అయస్కాంత హార్డ్‌డిస్కును తుడవాలంటే దాని మీద సున్నాలో, యాదృచ్ఛిక అంకెలో నింపాలి. పీటర్ గుట్‌మన్ 1996లో 35 సార్లు రాసే పద్ధతి ప్రతిపాదించారు. అది పాతకాలపు రకరకాల డ్రైవ్‌లన్నిటినీ దృష్టిలో పెట్టుకున్నది. నేటి డిస్కులకు అవసరం లేదని ఆయనే తర్వాత స్పష్టం చేశారు. మామూలు అవసరాలకు మొత్తం డిస్కు మీద ఒక్కసారి రాస్తే చాలు.

ఎస్‌ఎస్‌డీ, పెన్‌డ్రైవ్‌ల సంగతి వేరు. ఫ్లాష్ మెమరీలో పాత సమాచారం మీదే నేరుగా కొత్తది రాయడం కుదరదు. కంట్రోలర్ కొత్తదాన్ని వేరేచోట రాస్తుంది, పాత ప్రతి కొంతకాలం మిగిలిపోవచ్చు. ఒక్కో ఫైలును తుడిచే పద్ధతులు ఎస్‌ఎస్‌డీల మీద నమ్మదగినవి కావని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (శాన్ డియాగో) పరిశోధకులు 2011లో చూపారు. ఏ భాగాలు ఇక అక్కర్లేదో డ్రైవ్‌కు తెలిపే ట్రిమ్ ఆదేశం వల్ల ఎస్‌ఎస్‌డీలో రికవరీ కష్టమయ్యే మాట నిజమే కానీ, అంతా చెరిగిందనడానికి అది హామీ కాదు. డ్రైవ్‌లోనే ఉండే సెక్యూర్ ఎరేజ్ ఆదేశం వాడాలి. అంతకన్నా మేలైనది మొదటి రోజు నుంచే ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవడం: తాళంచెవిని చెరిపేస్తే మిగిలిన సమాచారాన్ని ఎవరూ చదవలేరు. ఐఫోన్లలో, ఇటీవలి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫ్యాక్టరీ రీసెట్ చేసే పని ఇదే.

కాబట్టి పాత ఫోను అమ్మేముందు మెమరీ కార్డు తీసేసి, అకౌంట్లు తొలగించి, రీసెట్ చేయండి. క్లౌడ్‌లోని ప్రతులను విడిగా చూసుకోండి. ఆన్ కాని హార్డ్‌డిస్కును తుడవడం మన చేతిలో ఉండదు కనుక దాన్ని పాత సామాన్లవాళ్లకు వేయకండి. సమాచారం ఉండే లోపలి పళ్లేలను (ప్లాటర్లను) ధ్వంసం చేయించాకే వదిలించుకోండి.