పొగలేని పొయ్యి - రిలీజ్ తర్వాత ఏం జరిగింది?

కంప్యూటర్ చరిత్ర అనగానే మనం ఛార్లెస్ బాబేజ్ దగ్గర మొదలుపెట్టి గంట మాట్లాడగలం. రోజూ వాడే పొయ్యికి కూడా ఓ ఇంజనీరింగ్ చరిత్ర ఉందంటే మాత్రం నవ్వొస్తుంది. నవ్వకండి, మన ప్రాజెక్టులకి ఇంత దగ్గరి కథ నాకు ఇంకోటి కనపడలేదు. తక్కువ కట్టెలతో వండే పొయ్యి ఎలా కట్టాలో రెండొందల ఏళ్ళ క్రితమే తేలిపోయింది. తేలనిది వేరే ఉంది.

ముందు కౌంట్ రంఫర్డ్ (1753-1814) గురించి చెప్పాలి. అసలు పేరు బెంజమిన్ థాంప్సన్. అమెరికాలో పుట్టి బవేరియా పాలకుడి కొలువులో చేరాడు. ఫిరంగి గొట్టాలు తొలిచేటప్పుడు పుట్టే వేడిని చూసి, వేడి ఒక పదార్థం కాదని 1798లో వాదించిన మనిషి ఈయనే. ఇంటర్ ఫిజిక్సులో మనందరం బట్టీ కొట్టాం :)

1790లలో మ్యూనిక్‌లో పేదలకి పని, తిండీ ఇచ్చే వర్క్‌హౌస్ ఒకటి నడిపాడు. రోజూ వెయ్యిమందికి పైగా వండాలి. అప్పటి వంట అంటే బాహాటంగా మండే పెద్ద మంట, దానిమీద గుండిగ. వేడిలో ఎక్కువ భాగం చిమ్నీలోంచి ఆకాశానికే పోయేది. రంఫర్డ్ ఏం చేశాడంటే, మంటని ఇటుకల దిమ్మెలో మూసేశాడు. ఒక్కో గిన్నెకీ ఒక్కో రంధ్రం, దానికింద దాని సొంత చిన్న మంట, గాలి తగ్గించటానికి ఒక తలుపు. గిన్నె దిమ్మెలోకి దిగి కూర్చుంటుంది, మంట దాని చుట్టూ తిరిగి బయటికి పోతుంది. అంతే!

ఆయన ఇంకో సంగతి కూడా పట్టుకున్నాడు. నీళ్ళు మరగటం మొదలయ్యాక ఎంత మంట పెట్టినా అవి ఇంకా వేడెక్కవు. ఈనాటి లెక్కల్లో చెప్పాలంటే, లీటరు నీళ్ళని 25 డిగ్రీల నుంచి 100కి తేవటానికి 75 కిలో కేలరీలు చాలు. ఆ లీటరంతా ఆవిరైపోవాలంటే ఇంకో 540 కావాలి, అంటే ఏడు రెట్లు. మూత లేకుండా ఫుల్ మంట మీద కుతకుతలాడే పప్పూ, మూతపెట్టి సిమ్‌లో ఉడికే పప్పూ ఉండేది ఒకే వేడిమీద. తేడా గ్యాసు బండలోనే. బ్యాచిలర్ రూముల్లో ఉన్నవాళ్ళు ఈ ఒక్క పేరా గుర్తుపెట్టుకున్నా చాలు.

ఇంత మంచి డిజైన్ అందరిళ్ళలోకీ వెళ్ళిందా? లేదు. రంఫర్డ్ దిమ్మె పెద్ద వంటశాలలకి సరిపోయింది గానీ మామూలు ఇళ్ళకి మరీ పెద్దదైపోయింది. 19వ శతాబ్దంలో ఐరోపా, అమెరికా ఇళ్ళు ఒకే మంట, పైన పలక ఉండే ఇనుప రేంజిని ఎంచుకున్నాయి. అది బొగ్గు బాగా తినేది, కానీ వంటగదిలో పట్టేది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇక్కడ ఇంధనం ఒక్కటే కాదు, పొగ కూడా సమస్య. ఊదుగొట్టం పట్టుకుని కళ్ళు నలుపుకునే అమ్మమ్మల్ని చూడని వాళ్ళు మనలో తక్కువే. 1947లో వార్ధాలోని మగన్‌వాడిలో మగన్ చూలా తయారైంది. ఆ తర్వాత హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో పనిచేసిన ఎస్.పి.రాజు గారు పొగలేని పొయ్యిని రూపొందించి, దాన్ని ఎలా కట్టాలో వివరిస్తూ 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే పుస్తకం వేశారు. మన హైదరాబాదే! ఖరీదైన సామానేం అక్కర్లేదు. మట్టితో కట్టుకోవచ్చు. ఒకే మంట, వరసగా గిన్నెలకి రంధ్రాలు, చివర పొగగొట్టం. మొదటి గిన్నె దాటిన వేడి రెండోదానికి పనికొస్తుంది.

1980ల మధ్యలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో అది ముగిసేనాటికి కట్టిన పొయ్యిలు 3 కోట్లకు పైగా. కాగితం మీద చూస్తే అదిరిపోయే సక్సెస్. కానీ లెక్కపెట్టింది కట్టినవాటిని, వాడుతున్నవాటిని కాదు. మన భాషలో చెప్పాలంటే డౌన్‌లోడ్లు లెక్కేశారు, యాక్టివ్ యూజర్లని కాదు.

ఎందుకు వాడలేదు? రెండో రంధ్రం మీద గిన్నె లేకపోతే పొగంతా గదిలోకే వస్తుంది. గిన్నె సైజు సరిపోకపోతే సందుల్లోంచి వస్తుంది. కట్టెలు చిన్నగా కొట్టాలి. గొట్టంలో మసి పేరుకుంటే దులపాలి. మట్టి పగిలితే మెత్తాలి. ఈ పనులన్నీ ఎవరి నెత్తిన పడ్డాయి? వంట చేసే ఆవిడ నెత్తినే. డిజైన్ చేసేటప్పుడు ఆవిణ్ణి అడిగినవాళ్ళు ఎందరు?

ఒడిశాలో సుమారు 2,600 కుటుంబాలని నాలుగేళ్ళ దాకా గమనించి రేమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ రాసిన పరిశోధన 2012లో బయటికొచ్చింది. మెరుగైన పొయ్యి వల్ల మొదటి ఏడు పీల్చే పొగ తగ్గింది, తర్వాత ఆ లాభం మాయమైంది. ఇంధనం ఖర్చేమీ తగ్గలేదు. కారణం? వాళ్ళు పొయ్యిని సరిగ్గా వాడలేదు, మరమ్మతులు చెయ్యలేదు. ల్యాబులో పాసైంది వంటింట్లో ఫెయిలైంది.

"జనానికి అవగాహన లేదండీ" అని తేల్చేసేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే. పొలం పనికెళ్ళి వచ్చి, పిల్లల్ని చూసుకుంటూ వండే మనిషికి రోజూ ఇంకో పది నిమిషాల పని పెంచే పొయ్యి మంచి పొయ్యి కాదు, దాని ఎఫిషియెన్సీ ఎంతైనా సరే. గ్యాసుని ఎవరూ పాఠాలు చెప్పి నమ్మించక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చినప్పుడూ, 2016లో ఉజ్వల వచ్చినప్పుడూ ఆడవాళ్ళు కనెక్షన్ వద్దనలేదు. బండ నింపించటానికి డబ్బుల్లేని చోటే కట్టెల పొయ్యి మిగిలింది. అది అవగాహన సమస్య కాదు, జేబు సమస్య.

రంఫర్డ్ ఫిజిక్సులో తప్పులేదు, రాజు గారి పొయ్యిలో తపనకి లోటు లేదు. లేనిదల్లా రిలీజ్ తర్వాత సపోర్టు. యూజర్ వాడట్లేదంటే యూజర్‌ని తిట్టుకోవటం మనకీ అలవాటే కదా. ఈసారి అలా అనబోయే ముందు ఆ 3 కోట్ల పొయ్యిల్ని ఓసారి తలుచుకుంటే మంచిదేమో. మీరేమంటారు?