జీరో ఎఫ్‌ఐఆర్: ‘మా పరిధి కాదు’ అంటే చెల్లదు

నేరం ఎక్కడ జరిగినా, బాధితురాలు ముందుగా వెళ్లిన పోలీస్ స్టేషన్‌లోనే నమోదు చేసే ఫిర్యాదు జీరో ఎఫ్‌ఐఆర్. క్రమసంఖ్య స్థానంలో సున్నా వేసి, తర్వాత సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేస్తారు. మామూలు నంబరు అక్కడ పడుతుంది.

2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తర్వాత, జస్టిస్ వర్మ కమిటీ సిఫార్సుల నేపథ్యంలో 2013లో చట్టాలను సవరించారు. అత్యాచారం వంటి ఫిర్యాదులను నమోదు చేయని అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష పడేలా ఐపీసీలో 166ఎ సెక్షన్ చేర్చారు. ఆ విచారణకు ప్రభుత్వ అనుమతి కూడా అక్కర్లేదు. అదే ఏడాది నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు, ఫిర్యాదులో కాగ్నిజబుల్ నేరం కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అంది. అయినా 2019 నవంబరులో శంషాబాద్ ఘటన రాత్రి, కూతురు కనిపించడం లేదని వెళ్లిన కుటుంబాన్ని పరిధి పేరుతో తిప్పారన్న ఆరోపణలు వచ్చాయి. ఒక ఎస్సై, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లు సస్పెండయ్యారు. అంటే కొరత చట్టంలో లేదు, స్టేషన్ గడప దగ్గరే ఉంది.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్, పరిధితో నిమిత్తం లేకుండా సమాచారం తీసుకోవాలని నేరుగానే చెప్పింది. లైంగిక నేరాల్లో బాధితురాలి మాటలను మహిళా అధికారే నమోదు చేయాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. పాత 166ఎ ఇప్పుడు బీఎన్‌ఎస్ 199.

ఈ తొలి గంటలకు ఇంత ప్రాధాన్యం ఎందుకు? సమాచారం అందిన 24 గంటల్లో, బాధితురాలి సమ్మతితో, ఆమెను వైద్య పరీక్షకు పంపాలి. గడియారం కదిలేది ఫిర్యాదు తీసుకున్నాకే. ఆలోగా దుస్తుల మీద, శరీరం మీద ఉన్న ఆధారాలు చెరిగిపోతాయి. ఆ నష్టం తర్వాత ప్రాసిక్యూటర్ మీద పడుతుంది. ‘ఇంత ఆలస్యంగా ఎందుకు ఫిర్యాదు చేశారు?’ అన్నది డిఫెన్స్‌కు అలవాటైన ప్రశ్న. ఇలాంటి కేసుల్లో ఆలస్యం ఒక్కటే కారణంగా బాధితురాలిని అనుమానించకూడదని గుర్మీత్ సింగ్ కేసులో (1996) సుప్రీంకోర్టు చెప్పినా ఆ ప్రశ్న ఆగలేదు. తిప్పి పంపిన స్టేషన్ పేరు, సమయం ఫిర్యాదులోనే రాయిస్తే జవాబు రికార్డులో ఉంటుంది. ఈ పని బాధితురాలి చేత కాకుండా పోలీసులే చేయాలి, కానీ తమ తప్పును తామే ఎవరు రాసుకుంటారు?

కొత్త చట్టంలో ఒక మెలిక కూడా ఉంది. మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ జరపవచ్చు. అత్యాచారం దీని కిందికి రాదు. మహిళపై దౌర్జన్యం వంటి కొన్ని నేరాలు మాత్రం వస్తాయి.

స్టేషన్‌లో నిరాకరిస్తే ఫిర్యాదును రాతపూర్వకంగా, పోస్టులోనైనా ఎస్పీకి పంపవచ్చు. అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. పోస్టు రసీదు దాచుకోవాలి.