కంచం ఎదుట కూర్చున్నవాళ్ళు

కూటికోసం కోటి విద్యలంటారు. ఆ కోటిలో మనవాళ్ళు పెద్దగా లెక్కలోకి తీసుకోని విద్య ఒకటుంది. ఎదురుగా అన్నం ఉన్నా తినలేని మనిషి మళ్ళీ తినగలిగేలా చేసే విద్య అది. అనొరెక్సియా, బులీమియా లాంటి జబ్బులకి మాటలతో, అలవాట్లతో, ఇంట్లోవాళ్ళ సాయంతో చేసే వైద్యాన్ని తయారుచేయడమే జీవితకాలపు పనిగా పెట్టుకున్న పరిశోధకులు కొందరున్నారు. కథ మొదలై నూటయాభై ఏళ్ళయింది, అసలు పని మాత్రం గత యాభై ఏళ్ళలోనే జరిగింది. కువైట్‌లోని అల్ రాయ్ నుంచి చూస్తే ఆ కథ ఎలా కనిపిస్తుందో చెప్పాలనిపించింది.

మనకి తెలిసిన ఆకలి వేరు. 1918లో కూనూరులో బెరిబెరి మీద మొదలైన చిన్న పరిశోధనశాల పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకి వచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వులిమిరి రామలింగస్వామి విశాఖలో వైద్యం చదివి, ఆ కూనూరు ల్యాబులోనే పోషకాహార లోపం మీద పనిచేశారు. తిండి లేక ఒళ్ళు ఉబ్బిన పిల్లలు, ఉప్పులో అయోడిన్ లేక గొంతు వాచిన కొండప్రాంతపు జనం, రక్తం లేని తల్లులు. మన దేశపు పరిశోధకుల ముందున్న ప్రశ్న 'తిండి ఎందుకు అందలేదు' అన్నదే. అందిన తిండిని ఒక అమ్మాయి ఎందుకు తోసేస్తోందన్న ప్రశ్న వేరే ఊళ్ళలో పుట్టింది.

1873లో ఇద్దరు వైద్యులు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఈ జబ్బుని వర్ణించారు. పారిస్‌లో లసేగ్, లండన్‌లో విలియం గల్. 'అనొరెక్సియా నెర్వోసా' అన్న పేరు గల్ పెట్టిందే. రోగి విషయంలో ఇద్దరూ దాదాపు ఒకటే చూశారు గాని, ఇంట్లోవాళ్ళ విషయంలో ఇద్దరి చూపూ వేరు. చుట్టాలూ స్నేహితులూ రోగిని చూసుకోవడానికి పనికిరారని గల్ నమ్మాడు. లసేగ్ మాత్రం ఇంట్లోవాళ్ళు మొదట బతిమాలడం, తర్వాత బెదిరించడం, ఆ రెండూ పనిచేయక చతికిలబడడం దగ్గరుండి గమనించాడు. రోగినీ కుటుంబాన్నీ విడివిడిగా చూస్తే జబ్బు అర్థం కాదన్నాడు. తర్వాతి నూరేళ్ళూ వైద్యం గల్ మాటే విన్నది. పిల్లని ఇంటినుంచి తీసుకుపోయి ఆసుపత్రిలో పెట్టడం, బరువు పెంచి పంపడం. ఇంటికెళ్ళాక చాలామంది మళ్ళీ చిక్కిపోయేవారు.

మధ్యలో ఒక పక్కదారి పరిశోధన జరిగింది. 1944 నవంబరులో, అంటే బెంగాల్ కరువు మిగిల్చిన గాయం ఇంకా పచ్చిగా ఉండగానే, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. వాళ్ళు మనస్సాక్షి ఒప్పక యుద్ధానికి వెళ్ళనివాళ్ళు. యుద్ధంలో మాడిపోయిన జనానికి మళ్ళీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడం కోసం ఆరు నెలలు అర్ధాకలితో ఉండడానికి ఒప్పుకున్నారు. అంతకుముందు వంట మీద ఏ ఆసక్తీ లేనివాళ్ళు వంటల పుస్తకాలు పోగుచేయడం మొదలుపెట్టారు. గంటలకొద్దీ కంచం ముందు కూర్చునేవారు. నవ్వు పోయింది, స్నేహాలు పోయాయి. మళ్ళీ తిండి పెట్టినప్పుడు కొందరు ఎంత తిన్నా ఆపలేకపోయారు. 1950లో ఇదంతా రెండు పెద్ద సంపుటాలుగా వచ్చింది. కరువు కోసం చేసిన ఈ పని తర్వాతి కాలంలో ఈ జబ్బుల వైద్యులకి బాగా అక్కరకొచ్చింది. 'ఆమె స్వభావమే అంత' అనుకున్న లక్షణాల్లో చాలా భాగం ఆకలి చేసే పనే అని రోగికీ ఇంట్లోవాళ్ళకీ చూపించగలిగారు.

ఈ రంగంలో జీవితాన్నే వెచ్చించిన తొలితరం మనిషి హిల్డె బ్రూక్. 1904లో జర్మనీలో యూదు కుటుంబంలో పుట్టింది. పిల్లల డాక్టరు. హిట్లర్ వచ్చాక 1933లో దేశం వదిలి ఇంగ్లండుకి, ఏడాది తర్వాత అమెరికాకి చేరింది. మొదట లావు పిల్లల మీద పనిచేసింది. గ్రంథుల లోపమే కారణమని అందరూ అంటుంటే, వాళ్ళ ఇళ్ళని చూసి కాదంది. తర్వాత సైకియాట్రీ చదివి, చిక్కిపోయిన అమ్మాయిల వైపు తిరిగింది. 1978లో వచ్చిన ఆమె పుస్తకం 'ద గోల్డెన్ కేజ్' మామూలు పాఠకులకి ఈ జబ్బుని పరిచయం చేసింది. మనసు లోతుల్ని తవ్వి రోగికి అర్థాలు చెప్పే పద్ధతి ఈ అమ్మాయిలకి పనిచేయదనీ, తన ఆకలినీ తన భావాన్నీ తనే గుర్తుపట్టడం రోగికి నేర్పాలనీ ఆమె వాదించింది. కానీ ఆమె దగ్గరున్నది అనుభవం. ఒక పద్ధతిని ఇంకో పద్ధతితో పోల్చి లెక్కతేల్చే పని తర్వాతివాళ్ళకి మిగిలింది.

ఆ పని లండన్‌లో మొదలైంది. జెరాల్డ్ రస్సెల్ 1979లో 30 మంది రోగుల గురించి రాసిన వ్యాసంలో బులీమియా నెర్వోసా అన్న కొత్త జబ్బుకి పేరు పెట్టాడు. తర్వాత మాడ్‌స్లీ ఆసుపత్రిలో క్రిస్టొఫర్ డేర్, ఐవన్ ఐస్లర్, జార్జ్ ష్ముక్లర్‌లతో కలిసి 80 మంది మీద పరీక్ష చేశాడు. ఆసుపత్రిలో బరువు పెరిగి ఇంటికెళ్ళేవాళ్ళలో కొందరికి కుటుంబంతో కలిపి వైద్యం, కొందరికి విడిగా. 1987లో ఫలితాలు వచ్చాయి. చిన్నవయసులో జబ్బు మొదలై, మూడేళ్ళు దాటనివాళ్ళకి కుటుంబంతో చేసిన వైద్యం స్పష్టంగా మేలు చేసింది. అంటే గల్ పనికిరారన్నవాళ్ళే మందు అయ్యారు. ఇందులో తల్లిదండ్రుల తప్పు వెతకరు. జబ్బు ఎందుకొచ్చిందన్న విచారణ పక్కనపెట్టి, పిల్ల తిండి బాధ్యతని కొన్నాళ్ళపాటు తల్లిదండ్రుల చేతికిస్తారు. రెండోసారి కలిసినప్పుడు కుటుంబమంతా అన్నం తెచ్చుకుని వైద్యుడి ఎదుటే తింటారు. జేమ్స్ లాక్, డానియల్ లె గ్రాంజ్ 2001లో దీన్ని ఒక చేతిపుస్తకంగా రాశారు. 2010లో 121 మంది కౌమారవయసు పిల్లలతో చేసిన పరీక్షలో, వైద్యం ముగిసిన ఏడాదికి పూర్తిగా కోలుకున్నవాళ్ళు ఈ పద్ధతిలో 49 శాతం, పిల్లలతో విడిగా చేసిన పద్ధతిలో 23 శాతం.

రెండో దారి ఆక్స్‌ఫర్డ్‌ది. క్రిస్టొఫర్ ఫెయిర్‌బర్న్ కుర్ర సైకియాట్రిస్టుగా ఉన్నప్పుడు బులీమియా అరుదైన జబ్బని అనుకునేవారు. ఆయనా పీటర్ కూపరూ కలిసి ఒక మహిళా పత్రిక ద్వారా పాఠకులకి ప్రశ్నపత్రాలు పంపితే, దాదాపు 500 మందికి ఆ జబ్బున్నట్టు తేలింది. వాళ్ళలో ఎక్కువమంది ఏ డాక్టరుకీ చెప్పుకోనేలేదు. 1981లో 11 మంది రోగులతో తన పద్ధతిని ప్రకటించాడు. సారాంశం చూస్తే చాలా చిన్నది. కఠినమైన పథ్యమే పొట్ట పగిలేలా తినడానికి దారితీస్తుంది, ఆ సిగ్గు మళ్ళీ పథ్యానికి తోస్తుంది. కాబట్టి మొదట వేళకి తినాలి, తిన్నది వెంటనే రాసుకోవాలి, తర్వాత ఒంటి ఆకారంతోనే తన విలువ కొలుచుకునే అలవాటు మీద పనిచేయాలి. మామూలుగా ఇరవై వారాలు, ఇరవై కూర్చోళ్ళు.

ఈ వృత్తిలో నన్ను ఆకట్టుకునేది ఆ తర్వాత జరిగింది. తన పద్ధతి గొప్పదని నిరూపించుకోవడానికి ఫెయిర్‌బర్న్ దాన్ని మరో రెండింటితో పోటీకి పెట్టాడు. అందులో ఒకటి తిండి గురించి అసలు మాట్లాడదు, రోగికి చుట్టూ మనుషులతో ఉన్న చిక్కుల గురించే మాట్లాడుతుంది. వైద్యం ముగిసేసరికి ఆయన పద్ధతే ముందుంది. ఏడాది గడిచాక చూస్తే రెండోది నెమ్మదిగా వచ్చి దాన్ని అందుకుంది. 1993లో ఆయనే ఆ మాట అచ్చువేశాడు. అమెరికాలో 220 మందితో మళ్ళీ చేస్తే, అదే నడక కనిపించింది. 2005లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 56 మంది అనొరెక్సియా రోగులతో చేసిన పరీక్షలో ఇంకా విచిత్రం. రెండు ప్రత్యేక పద్ధతులకి పోలికగా ఉంచిన మామూలు వైద్యం, అంటే తిండి గురించి సలహా చెబుతూ ఓపిగ్గా ఆసరాగా ఉండడం, ఆ రెండింటికన్నా ముందు నిలిచింది. కొన్నేళ్ళ తర్వాత చూస్తే ఆ తేడా కూడా చెరిగిపోయింది. ఇరవై ఏళ్ళు కష్టపడి తయారుచేసిన దాన్ని ఓడిపోయే వీలున్న చోట నిలబెట్టడం, ఓడితే రాసి ప్రకటించడం. ఈ రంగంలో ఉద్యోగమంటే ముఖ్యంగా అదే. రోగిని చూడడం, కొలిచే ప్రశ్నపత్రం తయారుచేయడం, పద్ధతిని ఇంకొకరు చదివి చేయగలిగేలా రాయడం, చిన్న పరీక్ష, పెద్ద పరీక్ష, చివరికి నేర్పడం. ఒక్కో మెట్టుకీ ఏళ్ళు పడతాయి.

ఇక మన వైపు. తూర్పుదేశాల్లో ఈ జబ్బు లేదన్న నమ్మకం చాలాకాలం ఉంది. ఈజిప్టు సైకియాట్రిస్టు మెర్వత్ నాసర్ 1986లో లండన్‌లో చదువుతున్న 50 మంది అరబ్ అమ్మాయిలనీ, కైరోలో చదువుతున్న 60 మందినీ పోల్చింది. లండన్ గుంపులో ఆరుగురికి బులీమియా ఉంది, కైరోలో ఒక్కరికీ లేదు. ఊరు మారితే జబ్బు అంటుకోగలదని తేలింది. అయితే కొలిచే కర్ర కూడా నమ్మదగ్గది కావాలి. కింగ్, భుగ్రా 1989లో ఉత్తర భారతంలోని బడిపిల్లలకి అదే రకం ప్రశ్నపత్రం ఇస్తే, కొన్ని ప్రశ్నల్ని వాళ్ళు తమ ఉపవాసాల, ఆచారాల అర్థంలో తీసుకున్నారు. ఊహించుకోవడం కష్టమేమీ కాదు. లంఖణం పరమౌషధమన్న ఇంట్లో, శనివారం ఒంటిపూట భోజనం చేసే అమ్మాయిని 'తిండి మానేస్తుంటావా' అని అడిగితే అవుననే అంటుంది. మరోవైపు, ఆ ఉపవాసం చాటునే అసలు జబ్బు దాక్కోగలదు. 1995లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఐదుగురు యువతుల గురించి రాసినప్పుడు, పుస్తకాల్లో చెప్పే లక్షణాలన్నీ వాళ్ళలో కనిపించలేదన్నారు.

కువైట్‌కి ఈ చర్చ దూరమైంది కాదు. ఏడు అరబ్ దేశాల్లో 15 నుంచి 18 ఏళ్ళ పిల్లలని పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో కువైట్ కూడా ఉంది. తిండితో చిక్కు ఆడపిల్లలకే పరిమితం కాలేదు, స్థూలకాయం ఉన్న పిల్లల్లో మరీ ఎక్కువ. ఎముకల గూడులాంటి అమ్మాయి బొమ్మ ఒక్కటే మనసులో పెట్టుకున్నవాళ్ళకి ఈ పిల్లలు కంటికి ఆనరు.

అల్ రాయ్ సంగతి ఇక్కడికొచ్చేవాళ్ళకి తెలుసు. గోదాములు, కార్ల షోరూములు, పాత సామాన్ల శుక్రవారం సంత, ఐదో రింగ్ రోడ్డు పక్కన 2007లో తెరిచిన అవెన్యూస్ మాల్. అద్దాల వెనక సన్నటి బొమ్మలకి తొడిగిన బట్టలూ, ఆ పక్కనే తినుబండారాల వరసలూ. సామాను మోసేవాళ్ళలో, లెక్క రాసేవాళ్ళలో, ఇళ్ళలో వండిపెట్టేవాళ్ళలో మన కడప, రాయచోటి, రాజంపేట, గోదావరి జిల్లాలవాళ్ళు ఉన్నారు. ఒక తల్లి ఇక్కడ వేరేవాళ్ళ పిల్లలకి ముద్దలు కలిపి పెడుతుంటే, ఆమె కూతురు అక్కడ అమ్మమ్మ ఇంట్లో కంచం ముందునుంచి లేచిపోతుంటుంది. రాత్రి వీడియో కాల్‌లో 'తిన్నావా' అంటే 'తిన్నా' అంటుంది. ఒళ్ళు చేసిందనో బక్కచిక్కిందనో చుట్టాలు అనే మాటలు రెండు దేశాల్లోనూ వినిపిస్తాయి. మాడ్‌స్లీ పద్ధతికి మూలం, తల్లీ తండ్రీ రోజుకి మూడుపూటలా పిల్ల పక్కన కూర్చోవడం. ఆ పక్కనే ఎవరూ లేకపోతే?

ఈ ప్రశ్నకి సగం జవాబు మన దేశంలోనే ఉంది. గోవాలో విక్రమ్ పటేల్ 'సంగత్' సంస్థతో కలిసి, సైకాలజీ చదవని మామూలు మనుషులకి శిక్షణనిచ్చి, డిప్రెషన్‌కి ఆరు నుంచి ఎనిమిది కూర్చోళ్ళ వైద్యం చేయించారు. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. అది పనిచేసింది. ఆ వ్యాసం రాసినవాళ్ళలో ఆక్స్‌ఫర్డ్ ఫెయిర్‌బర్న్ కూడా ఉన్నాడు. మంచి వైద్యం తయారైనా అది అవసరమైనవాళ్ళకి చేరడంలేదనీ, ఇకమీదట పరిశోధన ఆ దారిమీదే జరగాలనీ ఆయనా పటేలూ కలిసి 2014లోనే రాశారు. తిండి జబ్బుల విషయంలో ఆ పని తెలుగులో చేయాలంటే చాలా వెతకాలి. అమ్మమ్మ పక్కన కూర్చుంటే సరిపోతుందా? తల్లి వీడియోలో కూర్చుంటే పనిచేస్తుందా? 'బాడీ ఇమేజ్' అన్నదాన్ని రాయచోటి పిల్ల ఏ మాటతో చెబుతుంది? ఇవి ఊకదంపుడు ప్రశ్నలు కావు. ఒక్కొక్కటీ ఒక పరిశోధకురాలి పదేళ్ళ పని. అనొరెక్సియా ప్రాణం తీసే జబ్బు కూడాను. మొదటి మూడేళ్ళలో పట్టుకుంటే కోలుకోవడం తేలికని 1987 నుంచీ తెలుసు. మన ఇళ్ళలో ఆ మూడేళ్ళు 'వయసు కదా, అదే సర్దుకుంటుంది' అనడంతోనే గడిచిపోతాయి.

రామలింగస్వామి 1996లో, డెబ్భై అయిదేళ్ళ వయసులో, దక్షిణాసియా పిల్లలు ఆఫ్రికా పిల్లలకన్నా ఎందుకు ఎక్కువ చిక్కిపోతున్నారని అడిగారు. ఆయనా ఆయన సహరచయితలూ చేరిన జవాబు ధాన్యం దగ్గర ఆగలేదు, ఇంట్లో ఆడదాని స్థానం దగ్గరికి వెళ్ళింది. ఆకలి మీద పనిచేసిన శ్రీకాకుళం మనిషీ, తిండి వద్దన్న పిల్లల మీద పనిచేసిన లండన్ వైద్యులూ చివరికి చేరింది ఒకే గదికి. కంచం ముందు ఎవరు కూర్చున్నారు, ఎవరు వడ్డించారు, ఎవరు ఆఖర్న తిన్నారు, ఎవరు తినకుండానే లేచారు. హైదరాబాదులోనో తిరుపతిలోనో సైకాలజీ చదువుతూ ఏ పరిశోధన చేయాలా అని చూస్తున్న అమ్మాయో అబ్బాయో ఇది చదువుతుంటే, ఆ గదిలో మన భాషలో చేయాల్సిన పని ఇంకా చాలా మిగిలే ఉంది.