మెదడు, బ్రెయిన్ స్టెమ్: ఏ భాగం ఏ పని చేస్తుంది? ఐసీయూ బయట వినిపించే మాటలకు అర్థం ఏమిటి?

హసన్‌పర్తి: కరీంనగర్ నుంచి వరంగల్ వెళ్లే రోడ్డు మీద హసన్‌పర్తి ఉంది. చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు, పొద్దున్నుంచి రాత్రి దాకా బైకులు, బస్సులు, లారీలు. ఇలాంటి రోడ్డు మీద తలకు దెబ్బ తగిలిన మనిషిని వరంగల్ ఎంజీఎంకు తీసుకెళ్తారు, అవసరమైతే అక్కడి నుంచి హైదరాబాద్ పంపిస్తారు. ఆ తర్వాత ఐసీయూ బయట కూర్చున్న ఇంటివాళ్లకు కొత్త కొత్త మాటలు వినిపిస్తాయి. "జీసీఎస్ 5 ఉంది", "కోమాలో ఉన్నాడు", "బ్రెయిన్ స్టెమ్ రెస్పాన్స్ లేదు", "బ్రెయిన్ డెడ్". ఈ నాలుగు మాటలూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. కానీ ఒక్కోదానికి ఒక్కో అర్థం ఉంది. ఆ తేడా తెలియాలంటే మెదడులో ఏ భాగం ఏ పని చేస్తుందో ముందు తెలియాలి. ఇందులో చాలావరకు పదో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో ఉన్నదే.

కపాలం లోపల ఏముంది?

పెద్దవాళ్ల మెదడు బరువు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు. శరీరం బరువులో ఇది 2 శాతమే. కానీ శరీరం వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దీనికే కావాలి. ఇందులో సుమారు 8,600 కోట్ల నాడీ కణాలు ఉంటాయి. వాటికి రక్తం అందడం ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే కణాలు దెబ్బతినడం మొదలవుతుంది.

బక్రీద్ రోజు మేక తలకాయ కొట్టించిన ఇళ్లలో భేజా చూడనివాళ్లు ఉండరు. మనిషి మెదడు దానికంటే చాలా పెద్దది, మడతలు ఎక్కువ. అయినా ముఖ్యమైన భాగాలు అవే. అక్రోట్ గింజలాగా రెండు ముక్కలుగా కనిపించేది పెద్ద మెదడు. వెనుక కింద చిన్న ముద్దలాగా ఉండేది చిన్న మెదడు. ఈ రెండింటి కింద నుంచి తెల్లటి కాడలాగా దిగేది బ్రెయిన్ స్టెమ్, అంటే మెదడు కాండం. అది మెడ దగ్గర వెన్నుపాములో కలుస్తుంది. కసాయి దుకాణంలో 'హరామ్ మగ్జ్' అని తీసి పారేసేది ఈ వెన్నుపామునే.

మెదడు చుట్టూ మూడు పొరలు ఉంటాయి. పొరల మధ్య నీళ్లలాంటి మస్తిష్క మేరు ద్రవం ఉంటుంది. పెద్దవాళ్లలో ఇది సుమారు 150 మిల్లీలీటర్లు. చిన్న చిన్న కుదుపుల నుంచి మెదడును కాపాడేది ఇదే. వీటన్నిటి పైన గట్టి ఎముక పెట్టె, కపాలం.

పెద్ద మెదడు: ఆలోచన, మాట, జ్ఞాపకం

పెద్ద మెదడును పుస్తకాల్లో మస్తిష్కం అంటారు. దీనికి కుడి, ఎడమ అని రెండు అర్ధగోళాలు. ఒక్కో అర్ధగోళంలో నాలుగు భాగాలు.

నుదురు వెనుక ఉన్న ముందు భాగం ఆలోచన, నిర్ణయం, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం చూసుకుంటుంది. చేతులు, కాళ్లు కదిలించే ఆజ్ఞలు కూడా ఇక్కడి నుంచే వెళ్తాయి. నడినెత్తి వెనుక వైపున్న భాగానికి స్పర్శ, నొప్పి, వేడి, చలి తెలుస్తాయి. చెవుల పక్కన ఉన్న భాగం వినికిడి, జ్ఞాపకం పనులు చూస్తుంది. తల వెనుక భాగం చూపుది. కన్ను బాగానే ఉన్నా ఈ వెనుక భాగం దెబ్బతింటే చూపు పోవచ్చు.

చాలామందిలో మాట ఎడమ అర్ధగోళంలో ఉంటుంది. 1861లో ఫ్రాన్స్ డాక్టర్ పాల్ బ్రోకా, మాట పోయిన ఒక రోగి చనిపోయాక మెదడును పరీక్షించి, ఎడమ వైపు ముందు భాగంలో దెబ్బ ఉందని చూపించారు. పక్షవాతంలో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయిన మనిషికి మాట కూడా పోవడం తరచుగా అందుకే చూస్తాం. ఎడమ మెదడు శరీరం కుడి వైపును, కుడి మెదడు ఎడమ వైపును నడుపుతాయి. ఆజ్ఞలు మోసే నాడులు బ్రెయిన్ స్టెమ్ అడుగున ఒక వైపు నుంచి ఇంకో వైపుకు దాటుతాయి.

చిన్న మెదడు: తూకం

చిన్న మెదడు, అంటే అనుమస్తిష్కం, కదలికలను సరిచూస్తుంది. పని మొదలుపెట్టమని చెప్పేది పెద్ద మెదడు, ఆ పని తొణకకుండా జరిగేలా చూసేది చిన్న మెదడు. సజ్దాలోకి వెళ్లి తూలకుండా లేవడం, సైకిల్ తొక్కడం, సూదిలో దారం ఎక్కించడం, అన్నిట్లోనూ దీని పని ఉంది. ఇది దెబ్బతింటే మనిషి తూలుతూ నడుస్తాడు, మాట ముద్దగా వస్తుంది.

బ్రెయిన్ స్టెమ్: ప్రాణం నిలబెట్టే కాడ

బ్రెయిన్ స్టెమ్ పొడవు సుమారు మూడు అంగుళాలే. పై నుంచి కిందికి దీనిలో మూడు భాగాలు: మధ్య మెదడు, పాన్స్, మజ్జాముఖం.

మధ్య మెదడు కంటి కదలికలను చూస్తుంది. కంట్లో టార్చ్ వేయగానే నల్లగుడ్డు మధ్య రంధ్రం చిన్నదవుతుంది కదా, అది దీని పనే. పాన్స్ ముఖం కదలికలు, ముఖం మీద స్పర్శ, కన్ను ఆర్పడం లాంటివి చూస్తుంది. ఊపిరి లయలోనూ దీనికి భాగం ఉంది. మజ్జాముఖం ఊపిరి, రక్తపోటు, గుండె వేగం, మింగడం, దగ్గు, వాంతి లాంటివి నడుపుతుంది. మెదడు నుంచి నేరుగా బయలుదేరే 12 జతల కపాల నాడుల్లో 10 జతలు బ్రెయిన్ స్టెమ్‌కే కలుస్తాయి.

ఇంకో ముఖ్యమైన పని మెలకువ. బ్రెయిన్ స్టెమ్‌లో వలలాగా అల్లుకున్న కణాలు పెద్ద మెదడును మేల్కొలిపి ఉంచుతాయి. కరెంటు మెయిన్ లాంటిది అనుకోవచ్చు. ఇంట్లో బల్బులన్నీ బాగానే ఉన్నా మెయిన్ పోతే చీకటే.

ఒక తేడా ఇక్కడే గుర్తు పెట్టుకోవాలి. ఊపిరి తీసుకోవాలంటే మజ్జాముఖం నుంచి ఆజ్ఞ రావాల్సిందే. గుండె అలా కాదు. కొట్టుకోవడానికి కావాల్సిన సంకేతం గుండెలోనే పుడుతుంది, మెదడు దాని వేగాన్ని పెంచి తగ్గిస్తుంది అంతే. అందుకే వెంటిలేటర్ ఆక్సిజన్ అందిస్తూ ఉంటే, బ్రెయిన్ స్టెమ్ పూర్తిగా పోయాక కూడా గుండె కొంతకాలం కొట్టుకుంటుంది.

తలకు దెబ్బ తగిలితే లోపల ఏమవుతుంది?

శరీరంలో ఎక్కడ దెబ్బ తగిలినా వాపు బయటికి వస్తుంది. కపాలం గట్టి పెట్టె, సాగదు. లోపల రక్తం గడ్డకట్టినా, మెదడు వాచినా ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి మెదడు కిందికి జరిగి, బ్రెయిన్ స్టెమ్‌ను నలిపేస్తుంది. కొందరికి డాక్టర్లు కపాలం ఎముకలో కొంత ముక్క తీసేది ఈ ఒత్తిడి తగ్గించడానికే.

దెబ్బ తగిలిన మనిషి లేచి, మాట్లాడి, "నాకేం కాలేదు" అని ఇంటికి రావచ్చు. కొన్నిసార్లు లోపల రక్తం నెమ్మదిగా చేరుతూ, కొన్ని గంటల తర్వాత మనిషి మగతలోకి పోతాడు. తలనొప్పి పెరుగుతున్నా, పదేపదే వాంతులైనా, లేపితే సరిగా లేవకపోయినా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, ఒక కంటిపాప పెద్దదిగా కనిపించినా "నిద్రపోనీ" అని వదిలేయకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి, సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికి చేర్చాలి.

కోమా వేరు, బ్రెయిన్ డెత్ వేరు

జీసీఎస్ అంటే గ్లాస్గో కోమా స్కేల్. 1974లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని తయారుచేశారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15 మార్కులు. అన్నిటికంటే తక్కువ 3, సున్నా ఉండదు. 8 లేదా అంతకంటే తక్కువ ఉంటే కోమా అంటారు. ఇది ఆ పూట రోగి పరిస్థితి చెప్పే లెక్క. పెరగవచ్చు, తగ్గవచ్చు.

కోమాలో మనిషి కళ్లు తెరవడు, పిలిస్తే పలకడు. కానీ మెదడు బతికే ఉంటుంది. కోమా నుంచి కోలుకున్నవాళ్లు ఉన్నారు.

ఇంకో స్థితి ఉంది. పెద్ద మెదడు బాగా దెబ్బతిని, బ్రెయిన్ స్టెమ్ పని చేస్తూ ఉంటుంది. మనిషి కళ్లు తెరుస్తాడు, మూస్తాడు, సొంతంగా ఊపిరి తీసుకుంటాడు. ఎవరినీ గుర్తుపట్టడు. దీన్ని వెజిటేటివ్ స్టేట్ అంటారు. ఇదీ మరణం కాదు.

బ్రెయిన్ స్టెమ్ డెత్ అంటే మెలకువ, ఊపిరి, కంటిపాప, దగ్గు, అన్నీ శాశ్వతంగా ఆగిపోవడం. పేపర్లలో 'జీవన్మృతుడు' అని రాసేది ఈ స్థితినే. సరిగ్గా పరీక్షలు చేసి నిర్ధారించాక ఇక్కడి నుంచి వెనక్కి రావడం ఉండదు. వెంటిలేటర్ వల్ల ఛాతీ లేస్తుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది, నాడి ఆడుతుంది. ఒక్కోసారి వేలు, కాలు కదులుతాయి కూడా. ఈ కదలిక వెన్నుపాము నుంచి వచ్చేది, మెదడు నుంచి కాదు. "చెయ్యి కదిలింది, బతికే ఉన్నాడు" అని ఇంటివాళ్లు, "చనిపోయాడు" అని డాక్టర్లు వాదించుకునేది ఎక్కువగా ఇక్కడే.

పరీక్షలు ఎలా చేస్తారు?

మన దేశంలో మానవ అవయవాల మార్పిడి చట్టం 1994లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో సొంత చట్టం చేసుకుంది. బ్రెయిన్ స్టెమ్ డెత్‌ను నలుగురు డాక్టర్ల బృందం ధ్రువీకరించాలి. కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. అవయవ మార్పిడి చేసే డాక్టర్లు ఈ బృందంలో ఉండకూడదు.

ముందుగా మెదడు దెబ్బతినడానికి కారణం ఏమిటో తేలాలి. మత్తు మందుల ప్రభావం, ఒళ్లు బాగా చల్లబడటం, షుగర్, ఉప్పు శాతాల తేడా లాంటివి లేవని చూసుకోవాలి. ఆ తర్వాత కంట్లో వెలుగు వేస్తారు, కంటి నల్లగుడ్డును దూదితో తాకుతారు, చెవిలో చల్లటి నీళ్లు పోసి కళ్లు కదులుతాయేమో చూస్తారు, గొంతులో గొట్టం కదిపి దగ్గు వస్తుందేమో చూస్తారు. చివరిది ఊపిరి పరీక్ష. ఆక్సిజన్ అందిస్తూనే వెంటిలేటర్ ఊపిరి ఆపుతారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినా సొంతంగా ఒక్క ఊపిరి కూడా తీసుకోకపోతే, మజ్జాముఖం పోయిందని అర్థం.

ఇంటివాళ్లు నాలుగు ప్రశ్నలు నిస్సంకోచంగా అడగవచ్చు. ఇది కోమానా, బ్రెయిన్ స్టెమ్ డెత్తా? మత్తు మందు ఎప్పుడు ఆపారు? ఊపిరి పరీక్ష చేశారా? రెండో పరీక్ష ఎన్ని గంటలకు?

అవయవదానం విషయం ఈ నిర్ధారణ తర్వాతే వస్తుంది. తెలంగాణలో దీన్ని హైదరాబాద్ నిమ్స్ నుంచి నడిచే జీవన్‌దాన్ చూస్తుంది, అది 2013లో మొదలైంది. ఒప్పుకోవాలా వద్దా అన్నది కుటుంబం ఇష్టం. వద్దంటే బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదు. అవయవాల అమ్మకం, కొనుగోలు నేరం.

ఉలమాలు ఏమన్నారు?

ఈ విషయంలో ఉలమాల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఓఐసీకి చెందిన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ 1986లో అమ్మాన్‌లో సమావేశమై, మెదడు పనులన్నీ శాశ్వతంగా ఆగాయని నిపుణులైన డాక్టర్లు తేలిస్తే మరణంగా లెక్కించవచ్చని తీర్మానించింది. 1987లో మక్కాలోని రాబితా ఫిఖ్ మండలి వేరేలా చెప్పింది. అలాంటి స్థితిలో యంత్రం తీసేయవచ్చు గానీ, ఊపిరి, గుండె పూర్తిగా ఆగాకే మరణం హుకుం వర్తిస్తుందని తీర్మానించింది. కాబట్టి డాక్టర్ చెప్పింది సరిగ్గా అర్థం చేసుకుని, ఆ వివరాలతోనే తమకు నమ్మకమైన ముఫ్తీ సాహెబ్‌ను అడగడం మంచిది. "కోమాలో ఉన్నాడు" అని అడిగితే ఒక జవాబు వస్తుంది, "బ్రెయిన్ స్టెమ్ డెత్ అని రెండుసార్లు తేల్చారు" అంటే జవాబు వేరేగా ఉండవచ్చు.

గుర్తుంచుకోవాల్సినవి

బైక్ నడిపేవాళ్లు, వెనుక కూర్చున్నవాళ్లు, ఇద్దరూ హెల్మెట్ పెట్టుకోవాలి, పట్టీ బిగించాలి. పట్టీ పెట్టని హెల్మెట్ పడేటప్పుడు తల మీద ఉండదు. మసీదు దాకే కదా, పక్క వీధికే కదా అని వదిలేయకూడదు.

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, ఈ మూడింట్లో ఏది హఠాత్తుగా కనిపించినా పక్షవాతం అనుకోవాలి. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. లక్షణం మొదలైన టైము రాసి పెట్టుకుని ఆస్పత్రికి వెళ్లాలి. నాటు మందులకు, తాయెత్తులకు ఆ టైము పోతే, పోయిన మెదడు కణాలు తిరిగి రావు.