కండరములకు శక్తి ఎచ్చటిది?

మన దేహపు బరువులో నూటికి సుమారు 40 పాళ్ళు ఎముకలనంటియున్న కండరములే. వీని సంఖ్య 600కు పైబడియుండును. ప్రతి కండరము సన్నని పోగుల కట్ట. నాడిద్వారా ఆజ్ఞ అందినంతనే పోగులు కురచనై ఎముకను లాగును. బావినుండి నీరు చేదుటకును, మెట్లెక్కుటకును ఈ లాగుడే ఆధారము. అయితే ఈ పనికి కావలసిన శక్తి ఎచ్చటినుండి వచ్చును? ఈ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానము లభించుటకు అర్ధశతాబ్దమునకు పైగా పట్టినది.

1907లో కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్కిన్స్ అను శాస్త్రజ్ఞులు కప్ప కండరములను పరీక్షించిరి. అలసిన కండరములో లాక్టికామ్లము పేరుకొనుననియు, ప్రాణవాయువు అందినచో అది తగ్గుననియు చూపిరి. పుల్లని పెరుగులో నుండు ఆమ్లమే ఇది. తరువాత జర్మనీలో మయర్‌హోఫ్, కండరములో నిలువయుండు గ్లైకోజన్ అను జంతుపిండినుండి ఈ ఆమ్లము పుట్టునని నిరూపించెను. ఇంగ్లండులో హిల్, పనిచేయు కండరమునుండి వెలువడు వేడిని కొలిచెను. 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము వీరిరువురికి లభించినది. లాక్టికామ్లము పుట్టుటయే సంకోచమునకు మూలమని పలువురు నమ్మిరి.

ఆ కాలముననే అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్, ఎల్లాప్రగడ సుబ్బారావుగార్లు భాస్వరమును కొలుచు పనిలో నుండిరి. సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికా వెళ్ళినవారు. వీరు 1925లో ప్రకటించిన పద్ధతి సులభమైనది. ఫాస్ఫేటు గల ద్రవమునకు ఆమ్లమును, మాలిబ్డేటును, ఒక క్షయకరణిని చేర్చినచో నీలిరంగు వచ్చును. ఫాస్ఫేటు హెచ్చిన కొలది రంగు చిక్కబడును.

కండరపు సారమును ఇట్లు పరీక్షించినపుడు రంగు వెంటనే రాక, నిదానముగా ముదిరినది. పద్ధతిలోని లోపమని దీనిని త్రోసివేయవచ్చును. కాని వారు కారణమును వెదకిరి. ఏదో ఒక పదార్థము ఆమ్లములో మెల్లగా విడిపోవుచు ఫాస్ఫేటును వదలుచున్నదని గ్రహించిరి. అది క్రియాటిన్‌తో ఫాస్ఫేటు కలిసిన సమ్మేళనమని 1927లో ప్రకటించిరి. అదియే ఫాస్ఫోక్రియాటిన్. కండరము పనిచేసినపుడు ఇది తరుగును. విశ్రాంతిలో మరల పెరుగును. అదే ఏట ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును దీని జాడను వేరుగా కనుగొనిరి. 1929లో ఎ.టి.పి. అను మరొక భాస్వర సమ్మేళనమును ఫిస్క్, సుబ్బారావుగార్లు అమెరికాలోను, లోమన్ జర్మనీలోను కనుగొనిరి.

1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్ ఒక విషపదార్థముతో లాక్టికామ్లము పుట్టకుండ ఆపెను. అయినను కండరము కొంతసేపు సంకోచించుచునే యుండెను! ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చయిన పిమ్మట బిగిసిపోయెను. దీనితో పాత సిద్ధాంతము కూలినది. వెనుకటివారి కొలతలు నిలిచినవి. వానికి చెప్పిన అర్థము మారినది. ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటునిచ్చి ఎ.టి.పి.ని తిరిగి నింపునని 1934లో లోమన్ చూపెను. 1962లో కెయిన్, డేవీస్ అనువారు ఈ నింపుదలను అడ్డగించి, సంకోచమునకు నేరుగా ఖర్చగునది ఎ.టి.పి.యే యని నిరూపించిరి.

ఎ.టి.పి. చేతిలోని చిల్లర, ఫాస్ఫోక్రియాటిన్ పెట్టెలోని రొక్కము, గ్లైకోజన్ గాదెలోని ధాన్యము. పరుగుపందెమున మొదటి కొన్ని సెకండ్లు చిల్లరయు రొక్కమును ఆదుకొనును. పిదప ధాన్యమును విరివిగా మార్చుకొనవలెను.

ఈ జ్ఞానము వ్యాధులను గుర్తించుటకును తోడ్పడినది. 1951లో లండనులో మెక్‌ఆర్డిల్ అను వైద్యుడు ఒక రోగిని వర్ణించెను. కొద్ది శ్రమకే అతని కండరములు నొచ్చి బిగిసెడివి. శ్రమ తరువాత అందరికిని రక్తములో పెరుగు లాక్టికామ్లము అతనికి పెరుగలేదు. గ్లైకోజన్‌ను విడగొట్టు ఎంజైము ఇట్టి రోగుల కండరములలో లేదని 1959లో తేలినది. అనగా గాదె నిండియున్నది, తాళపుచెవి లేదు. మరణానంతరము దేహము బిగుసుకొనుటకు కారణమును ఇట్టిదే: ఎ.టి.పి. లేనిదే కండరపు పోగులలోని తంతువులు ఒకదాని పట్టును మరొకటి వదలజాలవు.

సుబ్బారావుగారు 1948లో మరణించిరి. 1962 నాటి నిరూపణను చూడలేదు. కాని దానికి దారితీసినవానిలో, ఆలస్యముగా ముదిరిన ఆ నీలిరంగు ఒకటి. బడి ప్రయోగశాలలో రంగు అనుకొన్నట్లు రానపుడు, గొట్టమును కడిగివేయుటకు ముందు ఎందుకు రాలేదని విద్యార్థిచేత అడిగించుట ఉపాధ్యాయులకు ఉచితము.